మసి వైపు, సున్నం వైపు

మార్కుల కాగితం మీద రెండే రెండు ముక్కలు రాసి ఉన్నాయి. "మురికి సమానంగా లేదు. ఇంజను నెంబరు కనిపించడం లేదు." వాటి కింద పదికి ఆరు.

తుప్పాయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని నాలుగోసారి కూడా చదివాడు. అక్షరాలు మారలేదు. నాలుగు నెలల పాటు ఊపిరి బిగబట్టి, మూడు వెంట్రుకల కుంచెతో చేసిన పనికి పదికి ఆరు! పక్క బల్ల మీద నిగనిగలాడుతున్న ప్యాసింజరు రైలుకేమో ఎనిమిదిన్నర. దాని యజమాని చేసిన పనల్లా అట్టపెట్టె మూత తీసి రైలును పట్టాల మీద పెట్టడమే.

"మురికి సమానంగా ఉండడమేమిటి?" అన్నాడు పైకే. "మురికేమన్నా తాతల నాటి ఆస్తా, సమానంగా పంచడానికి?"

పోటీ జరుగుతున్న హాలులో ఎవరూ తల తిప్పలేదు. నమూనా రైళ్ళు చేసే చిన్న రైళ్ళ సంఘం వాళ్ళకి తుప్పాయన గొణుగుడు అలవాటే. అతని అసలు పేరు వాళ్ళలో సగం మందికి తెలియదు. పగలంతా కార్ల షెడ్డులో సొట్టలు తీసి, తుప్పు గీకి, పుట్టీ పెట్టి, కొత్త రంగు కొట్టి బండిని అద్దంలా మెరిపిస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, జానెడు పొడవున్న రైలింజన్లకు ఆ తుప్పునే మళ్ళీ పట్టిస్తాడు. తీసేది జీతానికి, పట్టించేది ప్రాణానికి.

ఈసారి తెచ్చినది ఒక ఇంజను, పదకొండు వ్యాగన్లు. సున్నపురాయి క్వారీ నుంచి ఒకప్పుడు నడిచిన గూడ్సు బండి. వ్యాగన్లకు రాయి పైనుంచి పోస్తారు కాబట్టి వాటికి అంచుల మీదుగా నాలుగు వైపులా సున్నపు దుమ్ము. తలుపుల గొళ్ళేల కింద తుప్పు కారిన చారలు, చక్రాల దగ్గర బ్రేకులు అరిగి రాలిన గోధుమరంగు పొడి. ఇంజనుకు మాత్రం ఒక పక్క మొత్తం తెలుపు, రెండో పక్క మొత్తం మసి.

సంఘం అధ్యక్షుడు అప్పుడే అటుగా వచ్చాడు. రైల్వేలో వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. చొక్కా జేబులో కలానికి బదులు ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి అందరికీ స్కేలాయన.

"ఏమయ్యా, కాగితం చూసుకున్నావా?"

"చూశాను సార్. అర్థం కాలేదు."

"అర్థం కాకపోవడానికేముంది? ఇటు చూస్తే సున్నం కొట్టిన గోడ. అటు చూస్తే కుంపటి. చెయ్యి నొప్పి పుట్టి సగంలో ఆపేశావనుకున్నాను."

తుప్పాయన గొంతు తగ్గించి చెప్పాడు. "ఆపలేదు సార్. ఆ ఇంజను అలాగే ఉండేది. క్వారీ దగ్గర ఇంజన్ని తిప్పే ఏర్పాటు లేదు. ముందుకు వెళ్ళేది, అలాగే వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. క్వారీలో రాళ్ళు పిండి చేసే మిల్లు పక్కన గంటలకొద్దీ నిలబడేది. మిల్లు వైపున్న పక్క తెల్లబడింది. రెండో పక్కకి మసే మిగిలింది. ఎన్నేళ్ళు నడిచినా ఈ పక్క అటు పోదు, ఆ పక్క ఇటు రాదు."

"ఎవరు చెప్పారు?"

తుప్పాయన సంచిలోంచి ఫొటో తీశాడు. చిన్న ఫ్రేములో బిగించిన నలుపు తెలుపు ఫొటో. తెల్లగా దుమ్ము పట్టిన ఇంజను, దాని మెట్టు మీద ఒక కాలు పెట్టి నవ్వుతున్న బక్కపలచని మనిషి. నెంబరు పలక మీద దుమ్ము గట్టిపడి అంకెలు పూర్తిగా మూసుకుపోయాయి.

"మా మామయ్య. ఆ ఇంజనులో బొగ్గు వేసేవాడు. చూడండి, నెంబరు కనిపిస్తోందా? కనిపించని నెంబరును నేనెలా రాసేది?"

స్కేలాయన ఫొటోను దూరంగా పట్టుకుని చూశాడు. "బొగ్గు వేసే మనిషి డ్రైవరు వైపు మెట్టెక్కాడేం?"

"ఫొటో కదా సార్, సరదా పడి ఉంటాడు."

"సరే. ఇందులో ఒక పక్కే కనిపిస్తోంది. తెల్లగా ఉంది, ఒప్పుకున్నాను. రెండో పక్క నల్లగా ఉండేదని ఇందులో ఎక్కడుంది?"

"మామయ్య చెప్పాడు."

"మీ మామయ్యను తీసుకురా. చెబితే మార్కులు మారుస్తాను."

"పోయి ఏడేళ్ళయింది సార్."

స్కేలాయన ఫొటో తిరిగి ఇచ్చేస్తూ, "ఆదివారం మధ్యాహ్నం దాకా గడువుంది. చూసినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా. నోటిమాట మీద నేను మార్కులు వేయలేను" అని ముందుకు వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మొదటి బహుమతి వచ్చిన రైలును పెద్ద స్టేషనులో, ప్రయాణికులు కూర్చునే హాలులో, ఐదడుగుల అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఏడాది పాటు అది అక్కడే ఉంటుంది. క్వారీ లైను పట్టాలు ఎప్పుడో పీకేశారు. స్టేషను గోడలూ కూల్చేశారు. ఈ పెట్టెలోకి వెళ్ళకపోతే ఆ రైలు ఇక లోకంలో ఎక్కడా లేనట్టే. తుప్పాయనకు కావలసింది ఆ పెట్టె. మెడల్‌ను ఏ పిల్లి మెడలోనైనా కట్టుకోమనండి.

*

ఇంట్లో ముందు గది అతని భార్యది. కుట్టు మిషను, కత్తిరింపుల బల్ల, చొక్కాలు తగిలించిన దండెం, కొలతలకు వచ్చిన వాళ్ళు చూసుకోవడానికి గోడకు నిలువుటద్దం. వెనక గది అతనిది. మధ్యలో ఉన్న గడప మీదుగా దారపు ముక్కలు అటు రాకూడదు, రంగుపొడి ఇటు రాకూడదు అని ఒప్పందం. రెండూ వస్తూనే ఉంటాయి.

"సమానంగా లేదట!" అన్నాడు చెప్పులు విప్పుతూనే.

"ఏది?"

"మురికి."

ఆవిడ మిషను ఆపలేదు. "నేనూ అదే చెబుతున్నాను చాలాకాలంగా. మీ గదిలో ఎక్కువ, నా గదిలో తక్కువ."

మామూలుగా అయితే నవ్వేవాడు. ఈసారి మొహం మాడ్చుకుని వెనక గదిలోకి వెళ్ళి బల్ల ముందు కూలబడ్డాడు. బల్ల మీద గరుకు కాగితం మీద అరగదీసిన రంగుసుద్దల పొడి, చిన్న చిన్న మూతల్లో. నలుపు, ఇటుక రంగు, బూడిద రంగు, తెలుపు. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు ఒక డబ్బాడు. భార్య మొహానికి పౌడరు అద్దుకునే మెత్తటి బ్రష్షు ఒకటి, రెండేళ్ళ కిందట 'పోయినది'.

అతని పనికి ఒకటే సూత్రం. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. వాన కిందికే కారుతుంది కాబట్టి చార కిందికే పోవాలి. నీళ్ళ తొట్టి నింపేటప్పుడు తొణికినచోటే తుప్పు రావాలి. మనిషి చెయ్యి పట్టుకునే కమ్మీ మీద మసి ఉండకూడదు, అక్కడ ఇనుము మెరవాలి. పల్చటి నల్లరంగు పూసి, ఆరకముందే దూది పుల్లతో పైనుంచి కిందికి ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగితే అది మురికి కాదు, రంగు. ఆ ఇంజను తెల్లపక్కను మూడు వారాలు చేశాడు. పొర వేయడం, ఆరనివ్వడం, మెరుపు చంపే వార్నీషు కొట్టడం, మళ్ళీ పొర. తొమ్మిది పొరలు. ఇంత చేస్తే, వంతెనల లెక్కలు చూసుకునే ఆయనొచ్చి గోడకు సున్నం అంటాడు!

"కాస్త తిని పడుకోండి. కోపాన్ని కూడా ఆరనివ్వాలి, లేకపోతే అంటుకుంటుంది" అంది భార్య గుమ్మంలో నిలబడి.

"నీకు నవ్వులాటగా ఉంది. చూసినవాళ్ళను తీసుకురమ్మన్నాడు. క్వారీ లైనును చూసినవాళ్ళు ఇప్పుడెవరున్నారు?"

"ఒకావిడ ఉందిగా."

తుప్పాయన తలెత్తాడు.

"నెలకోసారి వస్తుంది, పాత చొక్కాల కాలర్లు తిరగేయించుకోవడానికి. వాళ్ళాయన చొక్కాలు, ఇప్పుడు తనే ఇంట్లో వేసుకుంటుందట. క్వారీ లైను గేటు దగ్గర ముప్పై ఏళ్ళు జెండా ఊపానని చెబుతుంటుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరడిగితేగా! మీరు నాతో మాట్లాడే మాట ఒకటే, నా కుంచె చూశావా అని. మీ బల్ల ముట్టుకోవద్దు, ఫొటో ముట్టుకోవద్దు, గట్టిగా ఊపిరి తీసుకోవద్దు. ఇంక కబుర్లెక్కడ చెప్పను?"

అతను రంగుపొడి మూతలు అటూ ఇటూ జరిపాడు. ఆవిడన్నది నిజమే.

"రేపు ఆవిడకు కాలర్లు ఇవ్వాలి. హాలు దగ్గరికే రమ్మంటాను, చొక్కాలు మీరే ఇచ్చేయండి" అంది ఆవిడ.

*

శనివారం పదకొండు గంటలకు గేటమ్మ వచ్చింది. పొట్టి మనిషి, కాస్త వంగిన నడుము. వదులైన మగచొక్కా, చేతిలో గుడ్డసంచి. వస్తూనే జనాన్నీ, బల్లలనూ పట్టించుకోకుండా తిన్నగా సున్నపు బండి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"అమ్మో" అంది మెల్లగా. "మా బండే."

తుప్పాయన పరుగున వెళ్ళి స్కేలాయన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. అంత పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నానని కూడా అతనికి తెలియలేదు.

"అమ్మా, ఈ సార్‌కి చెప్పండి. ఇంజను రెండు పక్కలూ ఒకేలా ఉండేదా?"

"ఎందుకుంటుంది బాబూ? ఒక పక్క సున్నం, ఒక పక్క మసి. కొత్తగా వచ్చినవాళ్ళు రెండింజన్లు ఉన్నాయనుకునేవాళ్ళు. మేం నవ్వుకునేవాళ్ళం."

"నెంబరు కనిపించేదా?"

"సున్నం పక్కనా? దేవుడికి కూడా కనిపించేది కాదు."

తుప్పాయన స్కేలాయన వైపు తిరిగాడు. అనవలసిన మాటలన్నీ మొహం మీదే ఉన్నాయి. స్కేలాయన జేబులోంచి స్కేలు తీసి, ఎందుకు తీశాడో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు చూసిన మనిషి చెబితే కాదనడానికి నేనెవర్ని?" అన్నాడు. "కాగితం మారుస్తాను. తప్పు నాదే. రేపు మధ్యాహ్నం పెట్టెలోకి వెళ్ళేది ఇదే."

ఆయన వెళ్ళగానే తుప్పాయన కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళంతా తేలికైపోయింది. గేటమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంజను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టిన చిన్న డ్రైవరు బొమ్మను వంగి చూసింది. మళ్ళీ రెండో వైపు వెళ్ళి చూసింది.

"ఎంత బాగా చేశావు నాయనా! ఆ కమ్మీ మీద చెయ్యి పడి అరిగినచోటు కూడా చేశావు." కాస్త ఆగి, "ఒక మాట చెప్పనా, ఏమనుకోవుగా?" అంది.

"చెప్పండమ్మా."

"పక్కలు తారుమారయ్యాయి. డ్రైవరు కూర్చునే పక్కన మసి ఉండేది. సున్నం అవతలి పక్కన."

తుప్పాయన నవ్వాడు. పెద్దావిడ, పొరబడి ఉంటుంది. "లేదమ్మా. నా దగ్గర ఫొటో ఉంది."

"ఫొటో సంగతి నాకు తెలీదు. నా గేటు డ్రైవరు పక్కన ఉండేది. పోయేటప్పుడూ అదే పక్క, వచ్చేటప్పుడూ అదే పక్క. నేను జెండా ఊపితే ఆయన చెయ్యి ఊపేవాడు. ముప్పై ఏళ్ళలో నా ఇంటి ముందు ఆరేసిన దుప్పట్ల మీద మసే పడింది కానీ, సున్నం ఒక్కనాడూ పడలేదు. సున్నం చూడాలంటే బండి ఆగినప్పుడు పట్టాలు దాటి వెళ్ళాల్సి వచ్చేది."

"ఎన్నో ఏళ్ళయింది కదమ్మా. మర్చిపోయి ఉంటారు." ఈసారి గొంతు కాస్త కరుకుగా వచ్చింది.

గేటమ్మ నొచ్చుకున్నట్టు కనపడలేదు. సంచి భుజానికి తగిలించుకుంది. "మర్చిపోవాలనే ఉతికేదాన్ని నాయనా. మసి వదిలితేగా!" అని నవ్వి వెళ్ళిపోయింది.

*

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆ రోజంతా తనకు తాను చెప్పుకున్నాడు. ఫొటో అబద్ధం చెప్పదు. మనుషులు మరిచిపోతారు. ఆవిడ వయసెంత, ఆ లైను ఆగిపోయి ఎన్నేళ్ళు? అభినందించడానికి వచ్చిన వాళ్ళకు సరిగా జవాబు కూడా చెప్పలేకపోయాడు. గెలిచిన రోజు కూడా మనిషిని ఉడికించడమేమిటని మళ్ళీ ఆ ముసలావిడ మీదే చిరాకు పడ్డాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య ఒక చొక్కాకు గుండీలు కుడుతోంది. జరిగింది విని, "గెలిచారుగా, మరి ఆ మొహమేం?" అంది.

"నేను పక్కలు తారుమారు చేశానంటుంది. ఇదిగో, నువ్వే చూడు." ఫొటో తీసి ఆవిడ ఒడిలో పెట్టాడు. "ఇంజను పొగగొట్టం ఎడమ చేతి వైపుంది. అంటే మనకు కనిపిస్తున్నది ఇంజను ఎడమ పక్క, డ్రైవరు కూర్చునే పక్క. తెల్లగా ఉందా లేదా?"

ఇన్నేళ్ళలో ఆ ఫొటో ఆవిడ చేతికి రావడం అదే మొదటిసారి. ఆవిడ ఇంజన్ను చూడలేదు. పొగగొట్టాన్నీ చూడలేదు. సూదిని చీరకొంగుకు గుచ్చి, ఫొటోను దీపం దగ్గరికి జరిపింది.

"మీ మామయ్య ఆడవాళ్ళ చొక్కా వేసుకున్నాడేమండీ?"

"ఏమిటా మాట?"

"కాదు, చూడండి." గుండీలు కుడుతున్న చొక్కాను ఎత్తి చూపించింది. "మగవాళ్ళ చొక్కాకు కాజాలు ఎడమ పక్క, గుండీలు కుడి పక్క. జేబు ఎడమ గుండె మీద. ఆడవాళ్ళ దానికి గుండీలు అటువి ఇటు. మీ మామయ్యకు గుండీలు ఎడమ పక్కనున్నాయి. జేబు కుడి పక్కనుంది. ఇలా కుట్టిన దర్జీని తన్ని తగలేస్తారు."

తుప్పాయన ఫొటో లాక్కున్నాడు. చూశాడు. నాలుగు నెలలు భూతద్దం కింద పెట్టి, దుమ్ములో ప్రతి గీతనూ లెక్కపెట్టిన ఫొటో అది. గొళ్ళేలు లెక్కపెట్టాడు, మరలు లెక్కపెట్టాడు, మెట్టు మీద బురద ఎంత మేర ఉందో చూసుకున్నాడు. మామయ్య చొక్కా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పాత ఫిల్మును తనే స్టూడియోకు తీసుకెళ్ళి ప్రింటు వేయించాడు. స్టూడియో వాడు ఫిల్మును తిరగేసి పెట్టాడు. నెంబరు కనిపించి ఉంటే అంకెలు తిరగబడి అప్పుడే పట్టుబడేది. ఆ నెంబరును మూసేసిన దుమ్మునే కదా, అచ్చం అలాగే చేశానని నాలుగు నెలలుగా మురిసిపోయింది!

అతను లేచి నిలువుటద్దం ముందుకు వెళ్ళాడు. ఫొటోను అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు.

అద్దంలో పొగగొట్టం కుడి చేతి వైపుకు పోయింది. జేబు గుండె మీదికి వచ్చింది. పాపిడి ఎడమ పక్కకు మారింది. ఫొటోలో ఇన్నాళ్ళూ ఏదో తేడాగా, కాస్త పరాయిగా అనిపించిన ఆ నవ్వు ఒక్కసారి మామయ్య నవ్వైపోయింది. మామయ్య డ్రైవరు చోటులో సరదా పడి నిలబడలేదు. తన పక్కనే, తన మెట్టు మీదే నిలబడ్డాడు.

తుప్పాయన అలా నిలబడే ఉండిపోయాడు. ఏడుపు వచ్చింది. దానితో పాటు తన మీద తనకు పట్టరాని కోపమూ వచ్చింది.

"ఆవిడతో 'మర్చిపోయి ఉంటారు' అన్నాను" అన్నాడు.

భార్య సూది తీసి మళ్ళీ గుండీ కుట్టుకోసాగింది.

*

ఆదివారం పొద్దున అద్దాల పెట్టె స్టేషను హాలులో తలుపు తీసి సిద్ధంగా ఉంది. స్కేలాయన స్వయంగా లోపల పట్టాలు తుడుస్తున్నాడు. పదకొండు వ్యాగన్లూ వరసగా పెట్టాడు. "ఇంజను ఇవ్వు" అంటూ చెయ్యి చాచాడు.

తుప్పాయన ఇవ్వలేదు. "సార్, ఇది తప్పు. పక్కలు తారుమారయ్యాయి. ఫొటో తిరగేసి ప్రింటైంది."

చెప్పడం పూర్తయ్యేసరికి స్కేలాయన మొహంలో రంగులు మూడు మారాయి. "మొన్నటి నుంచి నాతో పోట్లాడి, నాచేత తప్పు ఒప్పించి, ఇప్పుడు ఇదా?"

"మీరు చూసింది తప్పు సార్. నేను చేసిందీ తప్పే."

"పోనీ, ఇప్పుడు మార్చేయగలవా?"

"పొరలన్నీ వార్నీషు కింద ఉన్నాయి. మొత్తం వదిలించి మళ్ళీ మొదలుపెట్టాలి. నెల పడుతుంది."

స్కేలాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరికి తెలుస్తుందయ్యా? పెట్టేయ్. మధ్యాహ్నం తాళం వేయాలి. లేకపోతే ఆ ప్యాసింజరు బండే లోపలికి వెళ్తుంది. నీకది ఇష్టమేనా?"

ఇష్టం కాదు. ఆ మాట అనుకుంటేనే ఒళ్ళు మండింది. చేతిలో ఇంజను చల్లగా, బరువుగా ఉంది. తెల్లపక్క చూశాడు. తొమ్మిది పొరలు. ఒక్కో మరకకూ కారణముంది, మరకలన్నీ కలిసి ఉన్న చోటుకే కారణం లేదు.

"గేటమ్మకు తెలుస్తుంది సార్" అన్నాడు. జేబులోంచి స్పిరిటులో తడిపిన గుడ్డ తీశాడు. ఇంటి దగ్గరే తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకున్నాడు, దారిలో తన మనసు మారుతుందేమోనన్న భయంతో. స్కేలాయన "ఆగాగు" అంటుండగానే తెల్లపక్క మీద గట్టిగా రెండుసార్లు లాగాడు. మూడు వారాల సున్నం గుడ్డకు అంటుకుని, కింద నల్లటి ఇనుప రంగు బయటపడింది.

ఇద్దరూ కాసేపు ఆ గుడ్డ వంకే చూశారు.

స్కేలాయన ఊపిరి వదిలి, జేబులోంచి స్కేలు తీశాడు. ఇంజన్ను తుప్పాయన చేతిలోనే ఉంచి కొలిచాడు. తర్వాత పెట్టెలోకి వంగి, మొదటి వ్యాగన్ ముందు పట్టాలను కొలిచి, వ్యాగన్లన్నిటినీ ఒక్కొక్కటిగా కాస్త వెనక్కి జరిపాడు. మళ్ళీ కొలిచాడు. "పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. వదిలాను" అన్నాడు. "తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అయ్యాక చెప్పు. కానీ ఈసారి నెంబరు..."

"సున్నం పక్కన కనిపించదు సార్."

"తెలుసయ్యా, తెలుసు. మసి పక్కనైనా కనిపించనివ్వు" అని తలుపు మూసి తాళం వేశాడు.

గేటమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చింది. తిరగేసి కుట్టిన కాలరు మెడ దగ్గర కొత్తదానిలా నిలబడి ఉంది. పెట్టె ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. పదకొండు వ్యాగన్ల ముందు ఖాళీ పట్టాలు.

"ఇంజనేదీ?"

తుప్పాయన తలవంచుకున్నాడు. సంచిలోని ఇంజను మీద చెయ్యి వేసి పట్టుకునే ఉన్నాడు. "షెడ్డుకెళ్ళిందమ్మా. మీరు చెప్పిందే నిజం. పక్కలు మార్చి తీసుకురావాలి. నెల పడుతుంది."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. నిన్నటి మాట గుర్తు చేయలేదు. వెళ్ళి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు సర్దుకుంది.

"వస్తుందిలే" అంది. "అదెప్పుడు టైముకొచ్చి చచ్చింది గనక! దానికోసం ముప్పై ఏళ్ళు నించున్నాను. ఒక్క నెల కూర్చోలేనా?"